కంచె చేను మేసినపుడు – లూపస్ వ్యాధియందు నియామక కణముల పాత్ర

"రోగనిరోధక శక్తిని పెంచు మందు ఏదైన సెలవిండు" అని కోరుచు వచ్చువారు వైద్యులకు నిత్యము కనిపించుచుందురు. జలుబు విడువని బాలుని విషయమునను, జ్వరము తగ్గి నీరసించిన వృద్ధుని విషయమునను ఈ కోరిక సహజమే. కాని లూపస్ అను వ్యాధితో బాధపడు యువతి ఇదే కోరికతో వచ్చినపుడు వైద్యుడు క్షణకాలము ఆగి ఆలోచింపవలసియున్నది. ఏలయన ఈ వ్యాధియందు కొరతపడినది రోగనిరోధక శక్తి కాదు. ఆ శక్తికి ఉండవలసిన పగ్గము. పగ్గము తెగి పరుగెత్తు ఎద్దును ములుకోలతో పొడిచినచో ఏమగునో మన పల్లెవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ పగ్గమునకే ఆధునిక శాస్త్రమున "రెగ్యులేటరీ టి-కణములు" అని పేరు. వానిని ఈ వ్యాసమున "నియామక కణములు" అని పిలుతుము. 2025వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఈ కణముల రహస్యమును విప్పిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు లభించినది. ఇది విద్వాంసులకు మాత్రమే పనికివచ్చు విషయమని పాఠకులు భావింపరాదు. ఇంటిలో లూపస్ రోగి ఉన్నచో ఏ మూలిక వాడవచ్చును, ఏది వాడరాదు అను నిత్యజీవిత ప్రశ్నకు సమాధానము ఇందులోనే కలదు.

లూపస్ అనగానేమి?

"లూపస్" అనునది లాటిన్ పదము. తోడేలు అని అర్థము. ముఖముపై లేచు పుండ్లు తోడేలు కొరికినట్లుండుటచే పూర్వకాలపు ఐరోపా వైద్యులు ఈ పేరు పెట్టిరని చెప్పుదురు. ఇది చర్మమునకే పరిమితముగాక లోపలి అవయవములను కూడ పట్టునని 1872లో వియన్నా నగర వైద్యుడు కపోసి వివరించెను. సర్వాంగములను ఆవరించు ఈ రూపమునకు "సిస్టమిక్ లూపస్ ఎరిథిమటోసస్" అని పూర్తిపేరు. వాడుకలో ఎస్.ఎల్.ఇ. అందురు.

ముఖ్య లక్షణములు ఇవి:

1. ముక్కు దూలముపైనను, రెండు చెక్కిళ్ళపైనను సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఎర్రని దద్దు. ఎండ తగిలినచో ఇది హెచ్చును.
2. చేతివ్రేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు మొదలగు కీళ్ళలో నొప్పి, వాపు, ఉదయపు బిగువు.
3. కారణము తెలియని జ్వరము, విడువని అలసట, జుట్టు రాలుట, నోటిలో పుండ్లు.
4. రక్తహీనత, తెల్లకణములు లేక ప్లేట్‌లెట్లు తగ్గుట.
5. గుండెను, ఊపిరితిత్తులను కప్పు పొరలలో వాపు, దానిచే ఊపిరి తీసినపుడు ఛాతీలో పోటు.
6. మూత్రములో నురుగు, పాదముల వాపు, కనురెప్పల వాపు, రక్తపుపోటు. ఇవి మూత్రపిండములు దెబ్బతినుచున్నవనుటకు గుర్తులు.

ఈ ఆరవ విషయమును ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. లూపస్ రోగులలో మూడవవంతు మొదలు సగమువరకు మూత్రపిండముల బాధకు లోనగుదురు. తొలిదశలో దీనికి నొప్పి ఉండదు. మూత్రపరీక్ష చేయించుకొననిదే తెలియదు. వ్యాధిగ్రస్తులలో పదింట సుమారు తొమ్మిదిమంది స్త్రీలే. వారిలోను ఎక్కువమందికి 15 – 45 సంవత్సరముల వయస్సున, అనగా చదువు, వివాహము, సంతానము అను ముఖ్యఘట్టముల నడుమ, ఈ వ్యాధి బయటపడును.

దీని మూలము విచిత్రమైనది. బయటినుండి వచ్చు క్రిములను ఎదిరించుటకు మన రక్తములోని బి-కణములు "ప్రతిరక్షకములు" అను ఆయుధములను తయారుచేయును. లూపస్‌లో ఈ ఆయుధములు సొంత కణముల నడుమనుండు కేంద్రకముపైనను, అందలి డి.ఎన్.ఏ. పైనను గురిపెట్టబడును. అట్లు ఏర్పడిన ముద్దలు రక్తముతోపాటు ప్రవహించి, మూత్రపిండముల వడపోత జల్లెడలో చిక్కుకొని అచట మంట పుట్టించును. చేనును కాపాడుటకు వేసిన కంచెయే చేనును మేయుట యనగా ఇదియే. ఇట్టి వ్యాధులను "ఆటోఇమ్యూన్ వ్యాధులు" అందురు.

ఆయుర్వేద దృష్టి

లూపస్ అను పేరు మన సంహితలలో లేదు. వాతరక్తము, విసర్పము, ఆమవాతము మొదలగు వ్యాధుల లక్షణములు కొన్ని దీనితో పోలును. ఒకే రోగియందు ఒకనాడు ఒక లక్షణము, మరియొకనాడు ఇంకొకటి ప్రధానమగును. పోలిక ఉన్నంత మాత్రమున రెండును ఒక్కటే యని తీర్మానించి, పాతగ్రంథములలోని చికిత్సను యథాతథముగ ప్రయోగించుట ప్రమాదకరము.

అయినను మన శాస్త్రమున ఒక మాట ఆలోచింపదగినది. చరకసంహిత సూత్రస్థానము 28వ అధ్యాయమున "వ్యాధిక్షమత్వము" అను భావన కలదు. 11వ శతాబ్దమునకు చెందిన వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు దీనిని రెండు విధములుగ వివరించెను: పుట్టిన వ్యాధి బలమును ఎదిరించుట యొకటి, పుట్టబోవు వ్యాధిని అడ్డగించుట రెండవది. "క్షమ" అను శబ్దమునకు సామర్థ్యమే గాక ఓర్పు అను అర్థము కూడ కలదు. నేటి శాస్త్రజ్ఞులు సైతము దేహము తన కణములపట్ల చూపు ఓర్పునకు "సహనము" అను అర్థమిచ్చు పదమునే వాడుచున్నారు. ఇది పదసామ్యము మాత్రమే. ప్రాచీనులు ఈ కణములను ఎరిగియుండిరని చెప్పుట మా ఉద్దేశము కాదు. కాని బలమనగా దూకుడు మాత్రమే కాదని, ఓర్పు కూడ బలములో భాగమని మన గురువులు బోధించిన విషయము లూపస్‌ను అర్థము చేసికొనుటకు సాయపడును.

థైమస్: కణముల పాఠశాల

రొమ్ముఎముక వెనుక థైమస్ అను గ్రంథి యుండును. ఎముక మూలుగలో పుట్టిన కొన్ని కణములు అచటికి చేరి "టి-కణములు"గ తయారగును. ఇది వాని పాఠశాల. తన దేహమును శత్రువుగ భావించు కణములను అచటనే ఏరి నశింపజేయుట జరుగును. ఆ పరీక్షలో నెగ్గినవి రక్తములోనికి విడువబడును.

అయితే ఎంతటి చక్కని జల్లెడయైనను కొన్ని గింజలను జారవిడుచును. సొంత దేహమునకు హాని చేయగల కణములు కొన్ని ప్రతి ఆరోగ్యవంతుని రక్తమునను తిరుగుచుండును. అయినను అందరికిని లూపస్ రాదు. వానిని ఎవరో అదుపులో ఉంచుచున్నారన్నమాట. వారెవరు అను ప్రశ్నకు సమాధానము లభించుటకు 30 సంవత్సరములకు పైగ పట్టినది.

నియామక కణములను కనుగొన్న విధము

1969లో జపానునందు నిషిజుకా, సకకురా అను శాస్త్రజ్ఞులు పుట్టిన 3వ దినమున ఆడ చిట్టెలుకల థైమస్ గ్రంథిని తొలగించిరి. పాఠశాలను మూసివేసినచో టి-కణములు తగ్గి రోగనిరోధక శక్తి క్షీణింపవలెను గదా! కాని అందుకు భిన్నముగ ఆ ఎలుకల అండాశయములు ధ్వంసమయ్యెను. వారము గడచిన తరువాత గ్రంథిని తీసినచో అట్లు జరుగలేదు. తొలిదినములలో దేహమును కాపాడు కణములేవో కొంచెము ఆలస్యముగ థైమస్‌నుండి బయలువెడలుచున్నవని దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఆ తరువాత "అణచు టి-కణములు" అను పేరుతో కొంతకాలము పరిశోధనలు సాగెను. గట్టి ఆధారములు దొరకక 1980ల చివర ఆ మార్గమును పలువురు విడిచిపెట్టిరి. జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి మాత్రము పట్టు విడువలేదు. 1995లో ఆయన సి.డి.25 అను గుర్తును ధరించిన టి-కణములను వేరుచేసెను. ఆ గుర్తు గల కణములను తీసివేసి, మిగిలిన టి-కణములను థైమస్ లేని ఎలుకలకు ఎక్కించినపుడు పలు అవయవములలో ఆటోఇమ్యూన్ వ్యాధులు పుట్టెను. తీసివేసిన కణములను తిరిగి చేర్చినపుడు ఆ వ్యాధులు నివారింపబడెను. కావలివారు ఎవరో దీనితో స్పష్టమయ్యెను.

మరియొక దారి అమెరికాలో తెరచుకొనెను. 1949లో ఓక్‌రిడ్జ్ పరిశోధనశాలయందు చర్మము పొలుసులు రాలి, ప్లీహము, లింఫు గ్రంథులు ఉబ్బి, కొలది వారములకే మరణించు మగ ఎలుకలు పుట్టెను. వానికి "స్కర్ఫీ" అని పేరిడిరి. ఆ ఎలుకల టి-కణములే వాని అవయవములను నాశనము చేయుచున్నవని తరువాత తెలిసినది. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అను ఇరువురు దీనికి కారణమైన జన్యువును వెదకిరి. అనుమానమున్న 20 జన్యువులను ఒక్కొక్కటిగ పరిశీలింపగా, చిట్టచివరి దానిలో లోపము కనిపించెను. దానికి ఫాక్స్-పి-3 అని పేరు పెట్టిరి. 2001లో వీరి పరిశోధన వెలువడినది. మానవ శిశువులలో ఇదే జన్యువు చెడినపుడు "ఐపెక్స్" అను తీవ్రవ్యాధి కలుగునని అదే సంవత్సరము రుజువయ్యెను. ముఖ్యముగ మగశిశువులకు సోకు ఈ వ్యాధియందు విడువని విరేచనములు, మధుమేహము, చర్మవ్యాధి ఒక్కసారిగ దాపురించును.

2003లో ఈ రెండు దారులును కలిసెను. సకగుచి కనుగొన్న కావలి కణములను తయారుచేయు ఆజ్ఞ ఫాక్స్-పి-3 జన్యువునుండియే వెలువడునని తేలినది. బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచి – ఈ ముగ్గురికే 2025లో నోబెల్ బహుమతి లభించినది.

ఇవి పనిచేయు విధము

నియామక కణములు సంఖ్యలో స్వల్పము. సహాయక టి-కణములలో ఇవి నూటికి 5 మొదలు 10 వరకు మాత్రమే. వాని పని నాలుగు విధములుగ సాగును.

మొదటిది ఆహారమును తామే గ్రహించుట. టి-కణములు వృద్ధిపొందుటకు ఇంటర్‌ల్యూకిన్-2 అను పోషక ద్రవ్యము కావలెను. నియామక కణములపై సి.డి.25 గుర్తు అధికముగ నుండుటచే అవి దీనిని త్వరగ పీల్చుకొనును. దూకుడు కణములకు మేత తగ్గును.

రెండవది రెచ్చగొట్టువారి నోరు కట్టుట. శత్రువు వచ్చెనని టి-కణములకు వార్తనందించు కణములు కొన్ని కలవు. నియామక కణములు తమపైనున్న సి.టి.ఎల్.ఏ.-4 అను పదార్థముతో ఆ వార్తాహరుల సంకేతములను లాగివేయును.

మూడవది శాంతిద్రవ్యములను స్రవించుట. ఇంటర్‌ల్యూకిన్-10, టి.జి.ఎఫ్.-బీటా అనునవి ఇందులో ముఖ్యములు. ఇవి మంటను చల్లార్చును.

నాలుగవది లూపస్‌కు అతిముఖ్యమైనది. లింఫు గ్రంథులలో బి-కణములు పదునైన ప్రతిరక్షకములను తయారుచేయుటకు కొన్ని సహాయక టి-కణములు తోడ్పడును. ఆ చోటునకే చేరి ఈ తోడ్పాటును మితములో ఉంచు నియామక కణములు ప్రత్యేకముగ కలవు. అచట అదుపు తప్పినచో డి.ఎన్.ఏ.ను ఎదిరించు ప్రతిరక్షకములు పుట్టుటకు మార్గము సుగమమగును.

లూపస్ ఎలుకలు చెప్పిన పాఠము

లూపస్‌ను మనుష్యులలో ఆరంభమునుండి గమనించుట కష్టము. రోగి వైద్యుని చేరునాటికే వ్యాధి ముదిరియుండును. అందుచే శాస్త్రజ్ఞులు లూపస్‌ను పోలిన వ్యాధి తమంతట పుట్టు ఎలుకలను ఆశ్రయించిరి. న్యూజిలాండ్ దేశపు డునెడిన్ నగరమున పెంచిన ఒక జాతి నల్ల ఎలుకలకు తమ ఎర్రకణములను తామే నాశనము చేసికొను రక్తహీనత కలుగుచున్నదని 1959లో ప్రకటించిరి. ఈ నల్ల ఎలుకలను అచటి తెల్ల ఎలుకలతో కలిపి పుట్టించిన సంతతికి మానవ లూపస్‌ను మిక్కిలి పోలిన వ్యాధి వచ్చెను. డి.ఎన్.ఏ.ను ఎదిరించు ప్రతిరక్షకములు, మూత్రపిండముల వాపు రెండును అందు కనిపించెను. మనుష్యులలో వలెనే ఆడ ఎలుకలకు వ్యాధి ముందుగను, తీవ్రముగను వచ్చుట గమనింపదగినది. వానిలో అధికభాగము సంవత్సరము నిండక పూర్వమే మూత్రపిండములు చెడి మరణించును.

ఈ ఎలుకలలో నియామక కణములు బొత్తుగ లేకపోలేదు. కాని వ్యాధి ముదురుకొలది, పెరుగుచున్న దూకుడు కణములకు తగినంతగ అవి పెరుగలేకపోవుచున్నవి. కారణము ఇంటర్‌ల్యూకిన్-2 కొరత. మేత చాలని కావలివాడు నిలబడలేడు గదా! ఈ ద్రవ్యమును బయటినుండి అందించినపుడు నియామక కణములు కోలుకొని, వ్యాధి మందగించినదని 2010లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

మానవ రోగుల టి-కణములు సైతము ఇంటర్‌ల్యూకిన్-2ను తక్కువగ తయారుచేయును. నియామక కణముల సంఖ్య తగ్గినదని కొన్ని పరిశోధనలును, సంఖ్య సరిగనేయున్నను పనితనము తగ్గినదని మరికొన్నియు, దూకుడు కణములే వాని మాట వినకున్నవని ఇంకొన్నియు చెప్పుచున్నవి. రోగి, వ్యాధిదశ, వాడుచున్న మందులు, పరీక్షావిధానము భిన్నమగుటచే ఫలితములును భిన్నమగుచున్నవి.

పగ్గము ఒక్కటే సర్వమును కాదు. నశింపవలసిన కణములు నశింపకపోవుట, మృతకణముల చెత్త సకాలమున తొలగకపోవుట, ఇంటర్‌ఫెరాన్ అను ద్రవ్యము అధికమగుట, జన్యువులు, స్త్రీ హార్మోనులు, ఎండ – ఇవన్నియు కలిసి ఈ వ్యాధిని నిర్మించును.

చికిత్స నేడెచట నున్నది?

నియామక కణములను పెంచు చికిత్స ఇంకను పరిశోధనదశలోనే కలదు. చైనా వైద్యులు స్వల్పమాత్రలో ఇంటర్‌ల్యూకిన్-2ను లూపస్ రోగులకు ఇచ్చి, నియామక కణములు పెరిగినవని 2016లో వెల్లడించిరి. తదుపరి 60 మంది రోగులపై వారు జరిపిన పరీక్షలో 12 వారములకు తేడా నిర్ణయాత్మకముగ లేదు. 24 వారములకు మేలు స్పష్టముగ కనిపించెను. అమెరికాలో ఒక రోగి రక్తమునుండి నియామక కణములను తీసి, వృద్ధిచేసి, తిరిగి ఎక్కించిన వృత్తాంతము 2019లో వెలువడినది. ఒక్క రోగి అనుభవము దారిచూపునే గాని తీర్పు చెప్పజాలదు.

కావున నేటి రోగికి ఆధారము నిరూపితమైన చికిత్సయే. హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మాత్ర దాదాపు ప్రతి లూపస్ రోగికిని పునాది. ఇది వ్యాధి తిరగబెట్టుటను తగ్గించును. దీని మోతాదు సామాన్యముగ శరీరభారమున కిలోకు దినమునకు 5 మిల్లీగ్రాములు మించరాదు. ఆరంభమున ఒకసారియు, 5 సంవత్సరముల పిమ్మట ఏటేటను కంటిపరీక్ష చేయించవలెను. మూత్రపిండముల బాధ ఉన్నచో కంటిపరీక్షలు ముందునుండియే అవసరమగును. అవయవములు దెబ్బతినుచున్నపుడు స్టెరాయిడ్లు, ఇతర నిరోధక ఔషధములు తప్పవు.

ఇచట ఒక హెచ్చరిక. "ఇంగ్లీషు మందులన్నియు ఒక్కసారిగ మానివేసిననే మా మందు పనిచేయును" అని ఎవరు చెప్పినను నమ్మరాదు. చెప్పినవారు ఆయుర్వేదము పేర చెప్పినను సరే. నెలల తరబడి వాడిన స్టెరాయిడును హఠాత్తుగ ఆపినచో దేహము స్వయముగ ఆ హార్మోనును తయారుచేసికొనలేక, రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. తగ్గించుట యన్నది వైద్యుని పర్యవేక్షణలో మెట్లుమెట్లుగ జరుగవలసిన పని.

వాడకూడని వస్తువులు

లూపస్ రోగి ఇంటివైద్యములో మొదట తెలియవలసినది ఏమి తినవలెననుట కాదు, ఏమి మానవలెననుట.

*అశ్వగంధ:* బలహీనులకు మేలైన మూలికయే. కాని ఇది రోగనిరోధక వ్యవస్థను ప్రేరేపింపవచ్చును. ఆటోఇమ్యూన్ వ్యాధులున్నవారికి ఇది తగదని అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ కూడ హెచ్చరించుచున్నది.

*తిప్పతీగ:* కోవిడ్ కాలమున "శక్తినిచ్చు కషాయము"గ ఇంటింట దీనిని కాచి త్రాగిరి. దీనిని వాడిన 6 గురు రోగులలో కాలేయము దెబ్బతినినదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. 2022లో దేశమందలి 13 కేంద్రములనుండి 43 మంది వృత్తాంతములు వెలువడినవి. వారిలో పలువురి లక్షణములు ఆటోఇమ్యూన్ కాలేయవ్యాధిని పోలియున్నవి. ఆయుష్ మంత్రిత్వశాఖ దీనితో ఏకీభవింపక, తిప్పతీగను పోలిన వేరొక తీగ కారణము కావచ్చునని వాదించినది. ఆ వాదము ఎట్లున్నను, లూపస్ రోగి ఈ తీగను సొంతముగ వాడరాదన్నది మా నిశ్చితాభిప్రాయము.

*ఆల్ఫాల్ఫా:* మన రైతులు పశుగ్రాసముగ పెంచు లూసర్న్ గడ్డియే ఇది. దీని మొలకలు, మాత్రలు ఆరోగ్యదాయకములని అమ్ముచున్నారు. వీనిలోని ఎల్-కెనవనిన్ అను పదార్థమే కారణముగ, ఆల్ఫాల్ఫా మొలకలు తిన్న కోతులలో లూపస్‌ను పోలిన వ్యాధి కలిగినదని 1982లో వెల్లడియైనది. లూపస్ రోగి దీనిని పూర్తిగ వర్జింపవలెను.

*పాదరసము గల ఔషధములు:* పాదరసపు లవణమును ఇచ్చినపుడు కొన్ని జాతుల ఎలుకలలో లూపస్‌ను పోలిన లక్షణములు పుట్టుట ప్రయోగశాలలలో పలుమారులు చూచిన సంగతి. పాదరసము, సీసము మూత్రపిండములకు హాని చేయగలవు. లూపస్‌లో ముందే అపాయమున నున్నవి మూత్రపిండములే. కావున సంతలో, బస్టాండులో, పేరులేని పొట్లములలో అమ్ము మందులను ఏ పరిస్థితిలోను తీసికొనరాదు. రసౌషధములను ఈ వ్యాధియందు మేము వాడము.

ఆహార విహారములు

ఎండ ఈ వ్యాధికి పెద్ద శత్రువు. ఉదయము 10 గంటలనుండి సాయంకాలము 4 గంటలవరకు ఎండలో తిరుగరాదు. తప్పనిసరియైనచో గొడుగు, నిండుచేతుల నూలువస్త్రము, సన్‌స్క్రీన్ లేపనము వాడవలెను. ఎండ తగులకపోవుటచే డి-విటమిన్ తగ్గును గాన రక్తపరీక్ష చేయించి, వైద్యుని సలహాపై మాత్రలు తీసికొనవలెను.

పీచుపదార్థము గల ఆహారము మేలు. పీచును ప్రేగులలోని మంచి క్రిములు పులియబెట్టి బ్యుటిరేట్ అను ఆమ్లమును తయారుచేయును. ఎలుకల పెద్దప్రేగులో ఇది నియామక కణములను పెంచునని 2013లో పలు పరిశోధనలు తెలిపినవి. ఇది లూపస్‌ను కుదుర్చునని దీని అర్థము కాదు. కాని జొన్న, కొర్ర, పెసరపప్పు, బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు నిత్యాహారమున చేర్చుటకు ఇది మరియొక కారణము. మూత్రపిండములు దెబ్బతిన్నవారు ఆకుకూరలు, పప్పులు, ఉప్పు ఎంత తినవలెనో తమ వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. నిరోధక ఔషధములు వాడువారు పచ్చిమొలకలను, కాచని పాలను మానవలెను.

పసుపు వంటలో వాడుకొనవచ్చును. ఇరాన్ దేశమున 24 మంది లూపస్ మూత్రపిండ రోగులపై జరిపిన చిన్న పరీక్షలో, దినమునకు మూడుమారులు 500 మిల్లీగ్రాముల చొప్పున పసుపు తీసికొనినవారికి 3 నెలలలో మూత్రమున పోవు మాంసకృత్తులు తగ్గినవి. సంఖ్య చిన్నది గాన దీనిని చికిత్సకు బదులుగ గాక, సహాయముగ మాత్రమే, అదియు వైద్యునికి తెలిపి వాడవలెను.

కీళ్ళ బిగువునకు గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగ అభ్యంగనము చేయవచ్చును. దద్దులు, పుండ్లు ఉన్నచోట రాయరాదు. రాత్రి నిద్ర తగ్గకుండ చూచుకొనవలెను. తేలికపాటి నడక, ప్రాణాయామము మంచివి. పొగత్రాగుట హైడ్రాక్సీక్లోరోక్విన్ గుణమును తగ్గించును గాన పూర్తిగ మానవలెను.

సందేహములు – సమాధానములు

*ఏ.ఎన్.ఏ. పరీక్ష పాజిటివ్ వచ్చినచో లూపస్ ఉన్నట్లేనా?*
కాదు. ఆరోగ్యవంతులలో కూడ కొందరికి ఇది పాజిటివ్ వచ్చును. లక్షణములు, మూత్రపరీక్ష, రక్తకణముల సంఖ్య, డి.ఎన్.ఏ. ప్రతిరక్షకములు, సి-3, సి-4 పరీక్షలు అన్నియు కలిపి నిర్ణయింతురు. కాగితమును చూచి భయపడక కీళ్ళవాత నిపుణుడైన రుమటాలజిస్టును సంప్రతింపవలెను.

*చ్యవనప్రాశ తినవచ్చునా?*
దానియందు తిప్పతీగ కూడ ఒక ద్రవ్యము. పంచదారయు అధికము, స్టెరాయిడ్లు వాడువారికి మధుమేహభయము కలదు. కావున లూపస్ రోగికి మేము దీనిని సూచింపము. ఉసిరికాయను పచ్చడిగ మితముగ తినుటకు అభ్యంతరము లేదు; ఉప్పు మాత్రము తక్కువ వేయవలెను.

*నియామక కణములను పెంచు మూలిక ఏదైన కలదా?*
ప్రయోగశాల పాత్రలలోను, ఎలుకలలోను అట్టి గుణము చూపిన ద్రవ్యములు కలవు. లూపస్ రోగులలో అట్లు చేసి వ్యాధిని కుదుర్చునని నిరూపింపబడిన మూలిక ఏదియు లేదు. నోబెల్ బహుమతి పేరు చెప్పి అట్టి గుళికలను అమ్మువారు రాగలరు, వారిని నమ్మరాదు.

*ఇది అంటువ్యాధియా? వివాహమునకు ఆటంకమా?*
అంటువ్యాధి కాదు. వివాహమునకు ఆటంకము లేదు. గర్భధారణకు ముందు కనీసము 6 నెలలపాటు వ్యాధి అణగియుండుట మంచిది. మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు గర్భమునకు హానికరములు గాన ముందుగనే వైద్యునితో మాట్లాడి మార్పించుకొనవలెను. హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భకాలమునను కొనసాగింపబడును.

ఇంటిలో లూపస్ రోగి ఉన్నవారు ఒక్క విషయమును మరువరాదు. బంధువులు, ఇరుగుపొరుగువారు ప్రేమతో తెచ్చియిచ్చు "శక్తి పెంచు" కషాయములను, చూర్ణములను సున్నితముగ నిరాకరింపుడు. ఈ వ్యాధికి కావలసినది అదుపు. మూడునెలలకొకసారి మూత్రపరీక్షయు, రక్తపుపోటు పరీక్షయు చేయించుడు. వాడుచున్న ప్రతి మూలికను, ప్రతి చూర్ణమును మీ వైద్యులిరువురికిని, అనగా ఆధునిక వైద్యునికిని, ఆయుర్వేద వైద్యునికిని దాచక తెలుపుడు. మూత్రమున నురుగు గాని, కాళ్ళవాపు గాని, ఆయాసము గాని, మూర్ఛ గాని కనిపించిన దినమున ఇంటివైద్యముతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేరుడు.